పని పోయినా కూలి మిగిలింది

పోయిన ఆదివారం మా మేనమామ ఊరిలో, చెరువు కట్ట మీద మూడు గంటల సేపు గాలం వేసుకుని కూర్చున్నాను. ఆ ఊరు నర్సంపేట దాటిన తర్వాత వస్తుంది. హనుమకొండలో మేముండే వీధి చివరనే చేపల దుకాణం ఉంది; బొచ్చె కావాలన్నా, రవ్వ కావాలన్నా, కొర్రమట్ట కావాలన్నా అక్కడ పొలుసు తీసి ముక్కలు కోసి చేతిలో పెడతారు. అయినా తెల్లవారక ముందే లేచి, అమ్మను వెంటబెట్టుకుని నలభై కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, పెంటకుప్ప పక్కన మట్టి తవ్వి ఎర్రలు ఏరుకుని, ఎండ చురుక్కుమనే దాకా నీళ్లను చూస్తూ కూర్చుంటే నాకు దొరికినవి నాలుగు పరకలు, ఒక జెల్ల. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం పండుగ చేసుకుని వస్తున్నంత నిండుగా ఉంది మనసు. ఈ నిండుదనం ఎక్కడి నుంచి వస్తుందనే ప్రశ్న నన్ను చాలా ఏళ్లుగా వెంటాడుతున్నది. జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి సహజాతం గురించి, అంటే ఎవరూ నేర్పకుండా పుట్టుకతో వచ్చే నడవడి గురించి, పిల్లలకు ఏటేటా పాఠం చెబుతాను. గూడు అల్లే గిజిగాణ్ణి, వల కట్టే సాలీడును ఉదాహరణగా చెప్పి, పాఠం ముగించి బయటికి వస్తాను. ఆ పాఠంలో మనిషి ఉండడు. మనిషిని అందులో చేర్చి చూడాలన్నదే ఈ వ్యాసంలో నా ప్రయత్నం.

ముందు ఆ గాలం దగ్గరికే వెళ్దాం. మా మామ వాడేది వెదురు కర్ర, తంగూసు దారం, జొన్నబెండు. చూపంతా ఆ బెండు మీదనే ఉంటుంది. నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు బెండు నిలువుగా నిలబడి, తన నీడను తాను చూసుకుంటున్నట్లు ఉంటుంది. కాసేపటికి, గాలి లేకపోయినా, దాని చుట్టూ గాజు అంత సన్నటి అల ఒకటి పుడుతుంది. తర్వాత బెండు రెండు మూడు సార్లు గబగబా తల ఊపి ఆగిపోతుంది. నా చెయ్యి ఆత్రపడి కర్ర ఎత్తబోతే, పక్కనుంచి మామ నీళ్లను చూస్తూనే అంటాడు: “ఆగు అల్లుడా, అది ఇంక కొరుకుతనే ఉన్నది, మింగలే.” ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. బెండు ఈసారి ఊగదు. ఎవరో కింద నుంచి మెల్లగా లాగినట్లు ఏటవాలుగా పక్కకు జరిగి, నీళ్లలోకి జారిపోతుంది. ఆ జారిపోయే ఘడియలో నా ఒంట్లో కలిగే మార్పు చేప ఒడ్డున పడ్డాక కూడా కలగదు. చేప చేతికి వచ్చేసరికి ఆ ఉద్వేగం సగానికి సగం తగ్గిపోయి ఉంటుంది.

ఇది నా ఒక్కడి అనుభవం కాదని, దీని వెనుక మెదడు పనితీరు ఉన్నదని తెలిసినప్పుడు నాకు ఎంతో ఆశ్చర్యం కలిగింది. వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు కోతుల మెదడులో, ప్రతిఫలం కోసం ఆశపడడంతో ముడిపడిన రసాయనమైన డోపమిన్‌ను విడుదల చేసే కణాలను గమనించి, 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. కోతికి ఒక బొమ్మ చూపిస్తారు. ఆ తర్వాత పండ్ల రసం తప్పకుండా దొరుకుతుందా, అసలు దొరకదా, దొరకవచ్చునా అన్నది ఆ బొమ్మను బట్టి కోతికి తెలుస్తుంది. రసం ఖాయమని తెలిసినప్పుడు గానీ, రాదని తెలిసినప్పుడు గానీ ఎదురుచూసే సమయంలో ఆ కణాలలో పెద్ద కదలిక లేదు. దొరకడానికీ దొరకకపోవడానికీ సరిసమానంగా అవకాశం ఉన్నప్పుడు మాత్రం, ఎదురుచూస్తున్నంత సేపూ వాటి స్పందన పెరుగుతూ పోయింది. బెండు వైపు చూస్తున్న నా మెదడులో జరుగుతున్నదీ ఇదేనని నేను నమ్ముతున్నాను. చేపల దుకాణంలో ఆ సగం సగం ఆశ లేదు. డబ్బులిస్తే చేప ఇస్తారు, అంతే.

ఆ ఎదురుచూపులో అంత తీపి ఎందుకు ఉండాలి? మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికిన ఎముకలను బట్టి మన జాతి మనుషులు సుమారు 3 లక్షల ఏళ్ల నుంచి ఉన్నారని చెప్పుకుంటున్నాం. వ్యవసాయం మొదలై ఎంత ఎక్కువ లెక్క వేసినా 12 వేల ఏళ్లు. ఆ మొత్తం కాలాన్ని 25 పాళ్లు చేస్తే, 24 పాళ్లు మనవాళ్లు వేటాడి, ఏరుకుని, తవ్వుకుని బతికారన్నమాట. ఆ బతుకులో నేడు దొరుకుతుందన్న భరోసా ఏనాడూ లేదు. నాలుగు సార్లు వెళ్లి ఉత్త చేతులతో తిరిగివచ్చినా ఐదోసారి ఉత్సాహంగా బయలుదేరగలిగినవారి పిల్లలు బతికారు. రెండోసారికే విసిగి కూర్చున్నవారి పిల్లలకు తిండి దొరకలేదు. ప్రకృతి ఎవరినీ కూర్చోబెట్టి కారణాలు వివరించదు, కూలి ఇచ్చి పని చేయించుకుంటుంది. ఆకలి తీరడం ఆ పనికి దక్కే ఫలితం. పని చేస్తున్నంత సేపూ కలిగే ఆనందమే కూలి. ఇప్పుడు మనకు ఆ పనితో అవసరం లేదు, అయినా కూలి ఇచ్చే ఏర్పాటు మాత్రం ఒంట్లో అట్లాగే ఉండిపోయింది. మనం అలవాట్లనీ, అభిరుచులనీ, కాలక్షేపాలనీ పిలిచే వాటిలో చాలా భాగం ఇట్లా పని పోయినా కూలి మిగిలినవేనని నా అభిప్రాయం. చెరువు నిండి మత్తడి దుంకిన రోజున ఊరు ఊరంతా ఎదురెక్కే చేపల కోసం దోమతెరలు, పాత చీరలు పట్టుకుని నీళ్లలోకి దిగడం చూసినవారెవరికీ దీనికి వేరే సాక్ష్యం అక్కరలేదు. నెలకు లక్ష రూపాయల జీతం తెచ్చుకునే వాళ్లు కూడా ఆ రోజు ప్యాంట్లు మోకాళ్ల దాకా మడిచి దిగుతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మనిషి చేసే ప్రతి పనికీ ఆదిమానవుడి కథ ఒకటి అతికించడం చాలా సులభం. జీవశాస్త్రవేత్తలు స్టీఫెన్ జే గౌల్డ్, రిచర్డ్ లెవాంటిన్ 1979లోనే ఈ ధోరణిని గట్టిగా విమర్శించారు; ఆ విమర్శను నేను గౌరవిస్తాను. గాలం వేయడం మనకు పుట్టుకతో వచ్చిందని నేను అనడం లేదు. జపాన్‌లోని ఒకినావాలో గవ్వతో చేసిన గాలపు కొక్కేలు దొరికాయి. వాటి వయసు సుమారు 23 వేల ఏళ్లు, అంటే మనిషి చరిత్రలో నిన్నమొన్నటి వస్తువులు. గాలం నేర్చుకున్నది, దాని మీద చూపును కట్టిపడేసే ఆశ వారసత్వంగా వచ్చినది. నాకు గాలం పట్టడం నేర్పింది మా మామ. నేర్చుకోవాలనే తహతహ మాత్రం ఆయన నేర్పింది కాదు.

ఈ తేడా మరింత స్పష్టంగా కనిపించేది భయంలో. అదే రోజు, ఎర్రలు పెట్టిన డబ్బా కోసం గడ్డిలోకి వెళ్తుంటే నా కాలు గాలిలోనే ఆగిపోయింది. ముందు ఆగింది కాలు. అది మోటారుకు వాడి పారేసిన నల్లటి పైపు ముక్క అని కళ్లు ఆ తర్వాతే పోల్చుకున్నాయి. గుండె దడ తగ్గడానికి మరికొంత సేపు పట్టింది. తాడును చూసి పాము అనుకోవడమన్నది మన వేదాంతులకు భ్రాంతిని వివరించడానికి ఎంతో ఇష్టమైన ఉపమానం. శంకరుల నాటి నుంచి రజ్జు సర్ప భ్రాంతి అని వింటూనే ఉన్నాం. జీవశాస్త్రం వైపు నుంచి చూస్తే ఆ భ్రాంతిలో ఒక వివేకం ఉన్నది. తాడును పాము అనుకుంటే పోయేది ఒక్క గంతు; పామును తాడు అనుకుంటే పోయేది ప్రాణం. ఈ లెక్కలో వందసార్లు పొరపాటుగా ఉలిక్కిపడినా లాభమే.

అయితే ఈ భయం పుట్టుకతోనే పూర్తిగా తయారై ఉంటుందా అంటే, లేదు. సూసన్ మినేకా, మైకేల్ కుక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1980లలో చేసిన ప్రయోగాలు నాకు చాలా ఇష్టం. ప్రయోగశాలలో పుట్టి పెరిగిన కోతులకు పామంటే భయం లేదు. అడవిలో పెరిగిన కోతి పామును చూసి బెదరడాన్ని చూపిస్తే మాత్రం అవి చాలా త్వరగా భయం నేర్చుకున్నాయి. తర్వాత ఆ బెదిరిన కోతి వీడియోను తీసుకుని, అది పామును గాక పువ్వులను చూసి బెదిరినట్లు మార్చి, మరికొన్ని కోతులకు చూపించారు. కోతి భయం అదే, అరుపులు అవే. అయినా చూసిన కోతులకు పువ్వులంటే భయం పట్టలేదు. బొమ్మ పాము, బొమ్మ మొసలి విషయంలో పట్టుకున్న భయం పువ్వుల దగ్గర, బొమ్మ కుందేలు దగ్గర పట్టుకోలేదు. దీన్ని బట్టి నేను అర్థం చేసుకున్నదేమిటంటే, మనకు వారసత్వంగా వచ్చేది పాఠం కాదు, కొన్ని పాఠాలను ఒక్కసారి వినగానే పట్టుకునే చెవి.

మా మామ మనుమడికి నాలుగేళ్లు. నేను పైపును చూసి ఆగినప్పుడు ఇంట్లో నుంచి వాళ్లమ్మ వేసిన ఒక్క కేకతో వాడు గడ్డి వైపు వెళ్లడమే మానేశాడు. అదే పిల్లవాడికి రోడ్డు మీదికి ఉరకవద్దని ఇంటిల్లిపాదీ రోజూ చెబుతున్నారు, వాడు రోజూ ఉరుకుతున్నాడు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయారని ఒక అంచనా ఉన్నది. అది చిన్న సంఖ్య కాదు, అందులో ఎక్కువమంది పల్లె జనమే. కానీ రోడ్డు ప్రమాదాలలో ఒక్క 2022లోనే 1 లక్షా 68 వేల మందికి పైగా పోయారు. మోటారు సైకిలు పుట్టి నూట నలభై ఏళ్లే అవుతున్నది. దాన్ని చూసి ఒళ్లు జలదరించే తెలివి మన రక్తంలోకి ఇంకా ఎక్కలేదు. అందుకే హెల్మెట్టు పెట్టుకొమ్మని చట్టం చెప్పాలి, పోలీసు చెప్పాలి, తల్లి చెప్పాలి. పాము గురించి ఒక్క కేక చాలు. పిల్లలకు దేన్ని ఒకసారి చెబితే సరిపోతుందో, దేన్ని వెయ్యిసార్లు చెప్పాలో ఈ తేడా తెలిసిన తల్లిదండ్రులకు కోపం కొంత తగ్గుతుందని నా అనుభవం.

కూలి మిగలడం వల్ల నష్టం కూడా ఉన్నది. రెండేళ్ల క్రితం నాకు షుగర్ ఉన్నట్లు పరీక్షలో తేలింది. నోరు కట్టేసుకోలేకపోయానని నన్ను నేను చాలా నిందించుకున్నాను. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో మామ వెంట పాకాల అడవి అంచులకు వెళ్లి తునికి పండ్లు, మొర్రి పండ్లు ఏరుకుని తిన్న రోజులు గుర్తున్నాయి. ఒక్కో మొర్రి పండులో గింజ పోగా మిగిలే తియ్యటి గుజ్జు నాలుక తడవడానికి కూడా చాలదు. కడుపు నిండాలంటే పూట పూటంతా చెట్ల కింద తిరగాలి. తీపి అంత అరుదుగా దొరికే లోకంలో, దొరికినప్పుడు దొరికినంత తినమని చెప్పే నాలుక వరమే. పుట్టిన గంటల్లోనే పసికందు పెదవుల మీద తీపి చుక్క వేస్తే చప్పరిస్తుంది, చేదు తగిలితే ముఖం చిట్లిస్తుంది. ఆ బిడ్డకు ఎవరూ నేర్పలేదు. అదే నాలుకను మిఠాయి దుకాణం ముందు నిలబెడితే ఏమవుతుందో 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం చెబుతున్నది: దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారు.

జంతువుల నడవడిని అధ్యయనం చేసి 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఒకరైన నికో టింబర్గెన్ పరిశోధనల గురించి చదివినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. సముద్రం ఒడ్డున గుడ్లు పెట్టే ఒక పక్షి ముందు దాని గుడ్డునూ, దానికన్నా ఎన్నో రెట్లు పెద్దదైన బొమ్మ గుడ్డునూ ఉంచితే, అది తన గుడ్డును వదిలి, పైకి ఎక్కి సరిగ్గా కూర్చోలేని ఆ పెద్ద గుడ్డునే పొదగబోయింది. పెద్ద గుడ్డు మంచిదని దాని సహజాతం చెబుతున్నది; ఎంత పెద్దదైతే చాలునో మాత్రం చెప్పడం లేదు, ఎందుకంటే అంత పెద్ద గుడ్డు దాని లోకంలో ఏనాడూ లేదు. మిఠాయి మనకు అట్లాంటి గుడ్డే. మా అబ్బాయి చేతిలోని ఫోను అట్లాంటి గుడ్డే. బొటనవేలితో తెరను పైకి తోస్తూ, తర్వాత వచ్చే వీడియో బాగుంటుందో లేదో అని వాడు చూసే చూపు, నేను బెండు వైపు చూసే చూపు ఒకటేనని తెలుసుకున్నప్పటి నుంచి వాడిని మునుపటిలాగా కసురుకోవడం నాకు చేతకావడం లేదు. తేడా లేకపోలేదు. చెరువులో చేపలు కొరకడం మానేసే వేళ వస్తుంది, ఎండ మండిపోతుంది, ఎర్రలు అయిపోతాయి, నడుము నొప్పి పుడుతుంది, లేచి ఇంటికి పోతాం. ఫోనులో ఎర్రలు అయిపోవు. అవి అయిపోకుండా చూడడానికే అక్కడ ఎంతోమంది జీతాలకు పని చేస్తున్నారు. మా అబ్బాయిని ఈసారి నాతో పాటు రమ్మని పిలిచాను, వస్తానన్నాడు.

చలికాలంలో మామ ఇంటి ముందు వేసే సలిమంట గురించి ఒక మాట చెప్పాలి. కలహారి ఎడారిలో వేటాడి బతికిన జనం మాటలను పోలీ వీస్నర్ అనే మానవశాస్త్రవేత్త ఏళ్ల తరబడి నమోదు చేసి 2014లో ప్రచురించారు. పగలు వాళ్ల మాటలు ఎక్కువగా పనుల గురించి, ఒకరి మీద ఒకరి ఫిర్యాదుల గురించి. రాత్రి మంట చుట్టూ జరిగిన మాటల్లో 100కి 81 కథలేనట. మామ ఇంట్లో పగలు యూరియా బస్తాలు, నీళ్ల వంతు, పక్క పొలం గట్టు తగాదా తప్ప మరో ముచ్చట ఉండదు. సలిమంట వేసిన తర్వాత మాత్రం, చేతులు చాపుకుని కూర్చోగానే, ఎప్పటివో మేడారం బండ్ల ప్రయాణాలు, చనిపోయిన మా తాత చేసిన సాహసాలు ఒకటొకటిగా బయటికి వస్తాయి.

ఇక అమ్మ సంగతి. దసరా నాడు జమ్మి కొట్టడానికి వెళ్తూ పాలపిట్ట కనిపించాలని ఊరంతా చెట్ల కొమ్మల్లోకి, కరెంటు తీగల మీదికి చూపులు సారిస్తుంది కదా. ఆ ఒక్క సాయంత్రం తెలంగాణలో ప్రతి మనిషీ పక్షుల వేటగాడే అవుతాడు. దానికి ముందు తొమ్మిది రోజులు పూల వేట. బతుకమ్మ పేర్చడానికి కావలసిన తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు ఇప్పుడు వరంగల్ మార్కెట్లో కట్టలు కట్టి అమ్ముతారు. హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గరికి వచ్చే బతుకమ్మల్లో సగానికి పైగా కొన్న పూలవేనని చెప్పవచ్చు. మా అమ్మ ఏటా బంతిపూలు మాత్రమే కొంటుంది. గునుగు కొనడమంటే ఆమెకు నచ్చదు. వాన సరిగ్గా పడిన ఏడు ఏ చెలకలో గునుగు ఏపుగా వస్తుందో, ఏ బాట పక్కన తంగేడు ముందుగా పూస్తుందో ఆమెకు డెబ్బై ఏళ్లు దాటిన తర్వాత కూడా గుర్తు.

2007లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు పరిశోధకులు ఒక రైతుబజారులో చిన్న ప్రయోగం చేశారు. వచ్చినవారిని కొన్ని దుకాణాల దగ్గరికి తిప్పి, అక్కడి పండ్లు, కూరగాయలు, తినుబండారాలు రుచి చూపించి, తర్వాత ఆ దుకాణాలు కనిపించని చోట నిలబెట్టి, ఏది ఎటువైపు ఉన్నదో చూపించమన్నారు. ఎక్కువ శక్తినిచ్చే తిండి ఉన్న దిక్కును అందరూ మరింత సరిగ్గా చూపించారు. మగవాళ్ల కన్నా ఆడవాళ్లు కొంత మెరుగుగా చూపించారు. తరతరాలుగా గడ్డలు, పండ్లు, ఆకులు ఏరుకొచ్చిన వాళ్లు ఆడవాళ్లు కాబట్టి ఇట్లా ఉండవచ్చునన్నది ఆ పరిశోధకుల వివరణ. ఇళ్లలో, బజారులో పెరిగిన అలవాటు కూడా కారణం కావచ్చునని నాకు అనిపిస్తుంది. ఒక్క ప్రయోగంతో తేలే విషయం కాదు. గునుగు తినే పంట కూడా కాదు. కానీ పూసిన చోటును గుర్తుపెట్టుకుంటే రేపు కాయ ఎక్కడ దొరుకుతుందో తెలుస్తుందనీ, పువ్వు మీద మనిషికి ఉన్న మక్కువకు మూలం అదేననీ కొందరు ఊహిస్తారు. ఆ ఊహ నిజమైతే బాగుండునని నాకు కోరిక.

ఆదివారం తిరుగు ప్రయాణంలో ఊరు దాటగానే అమ్మ, “గా మర్రి కాడ ఎడమకు తిప్పు కొడుకా, గునుగు జూసిపోదాం” అన్నది. అక్కడ మర్రి లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడే కొట్టేశారు. పక్కనున్న చెలకనంతా చదును చేసి, ప్లాట్లుగా విడదీసి, రంగు వేసిన హద్దురాళ్లు పాతారు. నాకు ఏది ఎటో తెలియలేదు. అమ్మ కారు అద్దం దించి, కొంచెం సేపు చుట్టూ చూసి, తన ఊళ్లో ఏ ఇంటికి దారి అడిగినా చూపించినట్లుగా, ఏ తడబాటూ లేకుండా చెయ్యి చాచి చూపింది. దిగి ఆ వైపు నడిచాను. రెండు హద్దురాళ్ల మధ్య, ఇంకా ఎవరూ ఇల్లు కట్టని చోట, నడుము ఎత్తున గునుగు పూసి ఉన్నది.